లక్క కింది జారుముడి

మానుకోట కోర్టు వరండాలో మాన్‌సింగ్ కూర్చున్న బల్లకు ఒక కాలు పొట్టి. పక్కన ఎవరు లేచినా, ఎవరు కూర్చున్నా అది టక్కుమని వంగి లేస్తుంది. అది వంగినప్పుడల్లా తననే పిలిచారనుకుని అతను సగం లేచి కూర్చుంటున్నాడు. పిలవలేదు, ఇంకా పిలవలేదు. నడుముకు పట్టీ పెట్టుకున్న బంట్రోతు గుమ్మంలో నిలబడి ఎవరి పేరో మూడుసార్లు అరిచాడు. మూడో అరుపు ముగిసేదాకా ఆ పేరు తనది కాదని మాన్‌సింగ్‌కు నమ్మకం కుదరలేదు. ఒంట్లో ఉన్న తడంతా పొత్తికడుపులో చేరి బరువుగా కూర్చుంది. లేచి గోడ వెనక్కి పోయి వద్దామంటే సరిగ్గా అప్పుడే పిలుస్తారేమో, పిలిచినప్పుడు లేకపోతే పోలీసులు తండాకు వస్తారేమో, జీపును చూసి భార్య జమ్లీ చేతిలోని పాల తపేలా జారవిడుస్తుందేమో. తలపాగా కొసతో మూతి తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి మూతి మీద ఏమీ లేదు. డోర్నకల్ దిక్కుకు గూడ్సు బండి పోతున్నట్టుంది, బల్ల సన్నగా వణుకుతోంది.

సాక్షి అన్న మాట పొద్దున్నుంచి పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. తాను ఏం చూశాడని సాక్షి? నిరుడు మక్కలు వచ్చే రోజుల్లో కేసముద్రం మార్కెట్ యార్డు ఎదుట సురేశ్ దాణా దుకాణానికి ఒక బస్తా కోసం పోయాడు, అంతే. మెడలో గజ్జెలున్న బర్రె బొమ్మ బస్తా. ఆ బొమ్మ కింద ప్రోటీన్ ఇంత, కొవ్వు ఇంత, పీచు ఇంతకు మించదు అని అచ్చు వేసి ఉంటుందని అతనికి తెలియదు. అతను చూసేది గజ్జెలనే. సర్కారు జీపు అప్పుడే వచ్చి ఆగింది. అందులోంచి దిగిన పశువుల ఆఫీసు అమూల్య మేడం దాణా తనిఖీ అంటూ బస్తాలు దించమంది, అచ్చు చదివింది, ఒక బస్తా కుట్టు విప్పించి గుప్పెడు అరచేతిలో పోసుకుని చూసింది. అందరి ఎదుట శాంపిల్ తీయాలి, ఇద్దరు సాక్షులు కావాలి అంది. పక్కన చాయ్ హోటల్ కాటమయ్యను పిలిచారు. రెండో మనిషి కోసం చుట్టూ చూస్తే దుకాణం ముందు గుమిగూడిన వాళ్లంతా వానకు చెదిరిన కోళ్లలా పోయారు. మాన్‌సింగ్ పోలేదు. ధైర్యం ఉండి కాదు. పోవాలంటే ఏదో ఒకటి చెప్పి పోవాలి కదా, ఏం చెప్పాలో తట్టేలోపే మేడం "పెద్దాయనా, నువ్వు జర ఉండు" అంది. ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అతను కాదన్న మాట నోటితో అన్నది తక్కువ. ఊరుకుంటే ఒప్పుకున్నట్టేనని లోకం అనుకుంటుంది, లోకం అనుకున్నది చేసుకుంటూ పోవడమే అతనికి సుళువు.

ఒకే బస్తాలోని దాణాను మూడు గుడ్డ సంచుల్లో పోశారు. ఒకటి పరీక్షకు, ఒకటి దుకాణం అతనికే, ఒకటి మేడం దగ్గర. రేపు ఎవరైనా దాణా మార్చారంటే పోల్చి చూడటానికని మేడం విడమరిచి చెప్పింది. ఆమె ఆఫీసులో పనిచేసే మహేశ్ సుతిలి దారంతో సంచి మూతి కట్టాడు. వదులైంది. మళ్లీ కట్టాడు. సంచి ఎత్తగానే మళ్లీ వదులై కొంత దాణా రాలింది. సురేశ్ అక్కడే కుర్చీలో కూర్చుని, "మేడం, మీ సంచులకు మూతి కట్టనీకె రాదు గని మా బస్తాలకు తప్పులు వెడుతున్నరా?" అని నవ్వాడు. దుకాణంలో పనివాళ్లూ నవ్వారు. మేడం ముఖం కందిపోయింది. ఆమె మాన్‌సింగ్ చేతుల వైపు చూసి, "పెద్దాయనా, గట్టిగ కట్టు నువ్వు" అంది. కట్టాడు. మూడింటికీ అతనే కట్టాడు. కొవ్వొత్తి మంట మీద ఎర్ర లక్క కరిగించి మేడం ముడుల మీద పోస్తుంటే ఒక బొట్టు బొటనవేలి మీద పడి చురుక్కుమంది. చెయ్యి తీయలేదు, తీస్తే మేడం బెదురుతుందని. లక్క మీద ఇత్తడి ముద్ర అద్దారు. కాగితం మీద మాన్‌సింగ్ తన పేరు రాశాడు. మూడో తరగతి దాకా చదివిన బడిలో పంతులు చెయ్యి పట్టుకుని దిద్దించిన అక్షరాలు, నేటికీ పలక మీద రాసినంత పెద్దగానే వస్తాయి. దాణా కొనకుండానే ఇంటికి వచ్చాడు.

భయం దుకాణంలో పుట్టలేదు. ఆ సాయంత్రం ఇంట్లో, బర్రెను గుంజకు కడుతుంటే పుట్టింది. పలుపు చుట్టి, మడిచి, మడతను లోపలికి దోపి, కొసను బయటికి వదిలి ఒక్క లాగు లాగాడు. ముడి బిగిసింది. బిగిసిన ముడి వైపు చూస్తూ అట్లాగే నిలబడిపోయాడు. సంచులకు కట్టింది ఇదే ముడి. చేతులు తమకు తెలిసిన పని తాము చేశాయి, అతన్ని అడగలేదు. జారుముడి. పశువు ఎంత గుంజినా బిగుస్తుంది, మనిషి కొస పట్టి ఒక్కసారి లాగితే వెన్నలా విడిపోతుంది. తండాలో ఎవరి కొట్టంలో చూసినా ఇదే. మాన్‌సింగ్ చిన్నతనంలో ఒక ఎండాకాలం కొట్టానికి నిప్పంటుకుంటే, తండ్రి పీటముడి విప్పలేక, గొడ్డలి కోసం ఇంట్లోకి పరిగెత్తి వచ్చేసరికి జోడెద్దుల్లో ఒకటి మోకాళ్ల మీద కూలింది. ఆ ఎద్దు అరిచిన అరుపు విన్నవాళ్లెవరూ ఆ తర్వాత పశువుకు పీటముడి వేయలేదు. తండ్రి అతని చేతులు పట్టి నేర్పింది ఈ ముడినే, అక్షరాల కన్నా ముందు. ఇదంతా నిజమే కాని పశువు వేరు, కోర్టు సంచి వేరు. ఎవడైనా కొస లాగితే విడిపోయే సంచిని పట్టుకుని ఇదే అసలు దాణా అంటే ఎవరు నమ్ముతారు? దాణా మార్చి మళ్లీ కట్టారంటే ఏం జవాబు చెప్పాలి? లక్క ఎక్కడ పడిందో, కొస మీద పడిందో, పక్కకు పడిందో. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా వేలు చురుక్కుమన్నది తప్ప ఇంకేదీ గుర్తు రాదు. అప్పటి నుంచి బర్రెను కట్టినప్పుడల్లా ఆ భయం అతని చేతుల్లోకి వచ్చి కూర్చుంటోంది. జమ్లీకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడం అతనికి ఎప్పుడొచ్చింది కనుక.

గుమ్మంలో అలికిడి అయింది. కాటమయ్య బయటికి వచ్చాడు, ఇప్పటిదాకా లోపల బోనులో నిలబడ్డది అతనే. చొక్కా వీపు మీద చెమటకు అతుక్కుంది. మాన్‌సింగ్ లేవబోయాడు. బల్ల టక్కుమంది. కాటమయ్య అతని వైపు చూడకుండా మెట్లు దిగబోయి, దిగలేక ఆగాడు. "మాన్‌సింగన్నా, నేను ఆడ లేనని చెప్పిన. సంతకం నాదే గని ఉత్త కాగితం మీద పెట్టిచ్చుకున్నరని చెప్పిన. నా హోటల్ జాగ సురేశ్ వాళ్లది. నువ్వేమన్న అనుకో." ఏమీ అనుకోలేదు మాన్‌సింగ్. అనుకోవడానికి లోపల ఖాళీ లేదు. ఇప్పుడిక సాక్షి అంటే తాను ఒక్కడే. ఎడ్లబండికి ఒక ఎద్దు పడిపోతే రెండోదాని మెడ మీద ఎంత బరువు పడుతుందో అతనికి తెలుసు. అది ముందుకూ పోలేదు, పడుకోనూ లేదు, కళ్లు తేలేసి నిలబడుతుంది. కాటమయ్య గేటు దాటాడు. గేటు పక్కన ఒక మేక ఎవరిదో వకాల్తా కాగితం నములుతోంది. ఎవరో నల్లకోటు ఆయన దాన్ని తరుముతూ తిడుతున్నాడు. జనం నవ్వుతున్నారు. ఈ ప్రపంచంలో నవ్వే జనం ఇంకా ఉన్నారు.

బల్ల మళ్లీ వంగింది. ఈసారి పక్కన కూర్చున్నది ధర్మా. తండాలో మాన్‌సింగ్ ఇంటికి మూడిళ్ల అవతల పుట్టినవాడు, సురేశ్ దుకాణంలో తూకం దగ్గర పని. పాల కేంద్రం కూడా సురేశ్‌దే, పొద్దునా సాయంత్రం అక్కడ పాలలో గొట్టం ముంచి వెన్న ఎంతుందో చెప్పేదీ ఈ ధర్మానే. సెంటు వాసన గుప్పుమంటోంది. తండా మాటల్లో, లంబాడీలోనే పలకరించాడు.

"ఏం కాకా, పెండ్లికి వచ్చినట్టు కొత్త తలపాగ సుట్టినవ్. లోపల అక్షింతలు ఏస్తరా నీకు?"

ధర్మా జేబులోంచి సుతిలి ముక్క తీశాడు. మాట్లాడకుండా బల్ల అంచుకు చుట్టాడు, మడిచాడు, దోపాడు, కొస లాగి బిగించాడు. తర్వాత రెండు వేళ్లతో ఆ కొస పట్టి మెల్లగా లాగాడు. ముడి విడిపోయింది. మళ్లీ కట్టాడు. మళ్లీ లాగాడు.

"గిది యాదికుందా కాకా? మా సురేశన్నకు ఇచ్చిన సంచి నేను సూసిన. సూడంగనే నవ్వొచ్చింది. మా నాయిన ముడి, నీ ముడి. లక్క పక్కకు పడ్డది, కొస బయట్నే ఉన్నది. గుంజిన. మీగడ లెక్క వచ్చింది. మల్ల కట్టి పెట్టిన, ఎవనికి తెల్వది." అతను గొంతు తగ్గించాడు, తగ్గించిన గొంతులో చనువు ఉంది, అదే భయంకరంగా ఉంది. "జనగామ నుంచి పెద్ద వకీలును పట్టుకొచ్చినరు. ఆయనకు జెప్పిన. నువ్వు లోపలికి పోయి నేనే కట్టిన అన్నవనుకో, జడ్జి సారు ముంగట కొస గుంజి సూపిస్తడు. సంచి నోరు తెరుస్తది. అప్పుడేమైతది? మేడం నువ్వు కలిసి దాణ మార్చిండ్రంటరు. సర్కారు మేడంకు ఏం గాదు, ఇంకో ఊరికి ఏస్తరు. నీకు? నువ్వు తండోనివి, నువ్వు జైల్ల కూసుంటవ్."

మాన్‌సింగ్ తలపాగా కొసను వేలికి చుట్టాడు.

"ఏం లేదు కాకా. నాకు యాదికి లేదు, నేను కట్టలే అను. గంతే. అటెన్క సాయంత్రం పాలు పట్కరా, ఎప్పటి లెక్కనే. లేకుంటె నీ బర్రె పాలల్ల నీళ్లే ఉంటయి రేపటి సంది. నేను ఎంత ముంచినా నీళ్లే ఉంటయి. కాకవు గాబట్టి చెప్తున్న." సుతిలి ముక్కను మాన్‌సింగ్ ఒడిలో పడేసి లేచి పోయాడు. బల్ల టక్కుమంది.

సుతిలి ముక్క ఒడిలో చిన్న పాము పిల్లలా పడి ఉంది. దాన్ని తాకలేదు. పాలలో నీళ్లే ఉంటాయి. జమ్లీ రోజూ చీకట్లో లేచి పొదుగు కడిగి పిండే పాలు, ఇంట్లో ఉప్పుకూ పప్పుకూ మందు గోలీకీ అవే పాలు. తండాకు ఇంకో కేంద్రం లేదు, ఉన్నా కేసముద్రంలో సురేశ్ మాట కాదని పోసుకునేవాడు లేడు. అతని బస్తాలు జనగామ అవతల తరిగొప్పుల దాకా పోతాయంటారు. అంత దూరం చేయి చాపగలవాడికి తండా ఎంత. పోయిన ఏడు, శాంపిల్ తీశాక కొన్నాళ్లకే, అంతకు ముందు తెచ్చిన ఈ దాణా తిన్న బర్రె వీపు మీద వెన్ను గట్టులా లేచింది. పాలు సగానికి పడ్డాయి. పిండే తీరు తప్పిందేమోనని జమ్లీ తన వేళ్లనే తిట్టుకుంది. పుట్టిన దుడ్డె కాళ్ల మీద నిలబడలేకపోయింది, తల్లి నాకుతూనే ఉంది, అది లేస్తూ పడుతూ, లేస్తూ పడుతూ, మధ్యాహ్నానికి లేవడం మానేసింది. అప్పుడు జమ్లీ ఏమనుకుందో లోపలికి పోయి గుప్పెడు దాణా తెచ్చి నీళ్ల తొట్టిలో వేసింది. పైకి తేలిందంతా ఊక. సన్నగా రుబ్బిన వరి ఊక, బెల్లం నీళ్ల రంగు పూసుకుని తేలింది. కింద నాలుగు గింజల పొడి, ఇంత ఉప్పు. ఆమె ఏడవలేదు. తొట్టిలో చూస్తూ, "కడుపు నిండిందనుకుని సచ్చింది" అంది. అంతే అంది. తల్లి కడుపులో ఊకతోనే పెరిగిన దుడ్డెను అంది. ఈ పొద్దున రైలుకు బయలుదేరుతుంటే రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది. ఆ గుడ్డకు వేసిన ముడి కూడా జారుముడే. రైలులో ఆ మూట విప్పలేకపోయాడు, ఇంకా అట్లాగే ఒడి పక్కన ఉంది.

వరండా చివర అమూల్య మేడం కనిపించింది. పరీక్షలో దాణా కల్తీ అని తేలి ఈ కేసు పెట్టాక ఆమెను భూపాలపల్లికి పంపేశారు. అక్కడి నుంచి చీకటితో బస్సు ఎక్కి వచ్చినట్టుంది, కళ్ల కింద నల్లగా ఉంది. చేతిలో తాళం వేసిన బ్యాగు. దాంట్లోనే ఉంటుంది, మూడో దాణా సంచి. కోర్టులో ఇప్పుడు దాన్నే తీస్తారు. దాని మీద లక్క ఎక్కడ పడిందో? సురేశ్ సంచి మీద పక్కకు పడిందట. కట్టింది ఒక్క చేయే, పోసింది ఒక్క చేయే, అయితే ఇది కూడా పక్కకే పడి ఉంటుంది. చెప్పాలి, ఇప్పుడే లేచి మేడంకు చెప్పాలి, అమ్మా నేను పశువు ముడి వేశాను, ఆ సంచి తీయకు అని. లేచాడు. ఆమె దగ్గరికి వచ్చి, "తిన్నవా పెద్దాయనా?" అంది. నోరు తెరిచాడు. తల ఊపాడు, తిన్నానన్నట్టు. ఆమె లోపలికి పోయింది. ఆమె వెనకే తలుపు ఊగి ఊగి ఆగింది. చిన్నప్పుడు బడిలో పంతులు లెక్క అడిగితే జవాబు తెలిసీ ఇట్లాగే నిలబడేవాడు. అక్షరాలు నోటిదాకా వచ్చి, పళ్ల వెనక గుంపుగా నిలబడి, ఒక్కటీ బయటికి దూకేది కాదు. చదువు అక్కడే ఆగింది. అందరూ మొద్దు అన్నారు. కాదని కూడా అనలేదు.

"భూక్యా మాన్‌సింగ్! భూక్యా మాన్‌సింగ్! భూక్యా మాన్‌సింగ్!"

మూడు పిలుపులూ ఒక్కటిగానే వినిపించాయి. లేచి లోపలికి నడిచాడు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి, చల్లగా లేదు. చెక్క కటకటాల బోను నున్నగా ఉంది, ఎంతమంది చెమట చేతులు రుద్దితే అంత నునుపు వచ్చిందో. పైన జడ్జి. కింద బల్ల మీద ఎర్ర ముద్రతో చిన్న గుడ్డ సంచి. దాన్ని చూడకూడదనుకున్నాడు, కళ్లు దాని మీదే పడ్డాయి. ఇంత దూరం నుంచి ఎరుపు తప్ప ఏమీ తెలియడం లేదు. దేవుని ఎదుట నిజం చెబుతానని పలికించారు. తండా దేవుడు సేవాలాల్ మహరాజ్ గుర్తుకు వచ్చాడు, దుడ్డె గుర్తుకు వచ్చింది, ధర్మా వేళ్ల మధ్య జారిన సుతిలి గుర్తుకు వచ్చింది. సర్కారు వకీలు అడిగాడు, నువ్వు ఆ దినం అక్కడ ఉన్నావా? ఉన్న. బస్తా నీ ముంగటే విప్పిండ్రా? విప్పిండ్రు. సంచికి మూతి ఎవరు కట్టిండ్రు? ఇక్కడే, ఈ మాట దగ్గరే గొయ్యి ఉంది. వెనక వరసలో సురేశ్ కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గర ధర్మా. యాదికి లేదు అనాలి. రెండు మాటలు. అవీ రావడం లేదు. ఎంతసేపు నిలబడ్డాడో, సర్కారు వకీలు దగ్గాడు, జడ్జి తల ఎత్తాడు.

"నేనే కట్టిన."

ఎవరి గొంతు అది? తనదే అయి ఉండాలి. జనగామ వకీలు అప్పటికే లేచాడు. సంచి చేతిలోకి తీసుకున్నాడు, నిదానంగా, పెండ్లికొడుకు తాళి అందుకున్నట్టు. "నువ్వేం సదువుకున్నవ్?" మూడో తరగతి. "గిది ఏం ముడో ఎర్కేనా నీకు?" ఎరుకే. "బర్లకు కడ్తరు గదా? ఒక్క కొస గుంజితే ఊడొస్తది గదా? అవునా, కాదా?" ఫ్యాను తిరుగుతోంది. కాదు అనొచ్చు. కాదంటే ఇక్కడ ఎవరికి తెలుసు, ధర్మాకూ ఈ వకీలుకూ తప్ప. అమూల్య మేడం రెండు చేతులూ గట్టిగా కలిపి పట్టుకుని ఉంది. ఆమెకు ఇప్పుడే తెలిసింది, ముఖం చూస్తే తెలుస్తోంది, ఇన్నాళ్లూ ఆమె గట్టిముడి అనుకునే దాచుకుంది పాపం.

"వస్తది" అన్నాడు మాన్‌సింగ్.

వెనక ఎవరో నవ్వారు. వకీలు జడ్జి వైపు తిరిగి, రాసుకొమ్మన్నట్టు చేయి చాచాడు. జడ్జి సంచిని సాక్షికి చూపించమన్నాడు. బోను అంచు మీద పెట్టారు. కళ్లు మసకబారి ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత ఎరుపు కనిపించింది, ముద్ర కనిపించింది, ముడి కనిపించింది. కొస కోసం వెతికాడు. ఎటు తిప్పినా కొస బయట లేదు. ముద్ర పక్కన లక్క ఒకచోట ఉబ్బెత్తుగా ఉంది, ఆ ఉబ్బులో అడ్డంగా ఒక గుంట, సన్న గీతలు. చూస్తూ చూస్తూ ఉండగా అతని బొటనవేలు తనంతట తానే పోయి ఆ గుంటలో పడింది. సరిపోయింది. ఈ సంచి దగ్గరే వేలు చురుక్కుమంది. తీయకుండా నొక్కి పట్టుకున్న చోటు. వేలి కిందే ఉండిపోయింది కొస, దాని మీదే గడ్డకట్టింది లక్క.

"గుంజున్రి సార్" అన్నాడు. "ముడి వస్తది గని లక్క పగుల్తది. కొస లక్క కిందున్నది. గిది నా ఏలు కాలిన సోటు."

వకీలు గుంజలేదు. జడ్జి సంచిని పైకి తెప్పించుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశాడు. సాక్షి వేలు చూపించమన్నాడు. మాన్‌సింగ్ చూపించాడు, తెల్లగా నున్నబడ్డ మచ్చ. టైపు మిషన్ టకటకమంది. ఏం రాస్తున్నారో అతనికి తెలియలేదు. చివర సంతకం పెట్టమంటే పలక మీద రాసినంత పెద్ద అక్షరాలతో పెట్టాడు, చివరి అక్షరం కాగితం అంచు దాకా పోయింది.

బయటికి వచ్చాడు. భయం తగ్గిందేమోనని తడుముకున్నాడు, తగ్గలేదు, చేతుల్లోంచి కడుపులోకి మారింది, అంతే. ఎండ తెల్లగా ఉంది. బల్ల మీద రొట్టెల మూట అట్లాగే ఉంది, కింద సుతిలి ముక్క పడి ఉంది. ధర్మా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. సెంటు వాసన లేదు, చెమట వాసన ఉంది. తండా మాటల్లో కాకుండా సురేశ్ మాట్లాడినట్టు తెలుగులో అన్నాడు, "సాయంత్రం పాలు తేకు ముసలోడా. చెప్తున్న. తేకు."

మాన్‌సింగ్ వంగి మూట అందుకున్నాడు. జమ్లీ వేసిన ముడి కొస పట్టి లాగాడు, విడిపోయింది. ఒక రొట్టె తీసి మధ్యకు విరిచి సగం ధర్మా వైపు చాచాడు. ధర్మా తీసుకోలేదు. మాన్‌సింగ్ చాచిన చేయి తీయలేదు.

"తెస్త" అన్నాడు.